నెలలు నిండని కాన్పు: తప్పు మన రక్తానిదేనా?

37 వారాలు నిండకముందే పుడుతున్న బిడ్డలు మన దేశంలో 30 లక్షలకు పైనే. ఇది 2020 అంచనా. ప్రపంచంలో మరే దేశంలోనూ ఇంతమంది లేరు. ఇందులో జన్యువుల పాత్ర ఎంతో శాస్త్రవేత్తలు వెతుకుతున్నారు. గురుగ్రామ్ సివిల్ ఆసుపత్రికి వచ్చే గర్భిణులతో నడుస్తున్న ‘గర్భిణి’ పరిశోధన, ఇలాంటి కాన్పులతో ముడిపడిన 19 జన్యు తేడాలను గుర్తించినట్టు 2023లో వెల్లడించింది.

ఈ పరిశోధన అవసరమే. 2017లో అమెరికా నుంచి వచ్చిన పెద్ద అధ్యయనం 43 వేల మందికి పైగా స్త్రీలను పరిశీలించింది. అందరూ యూరప్ మూలాలవారే. ఆ ఫలితాలు మన తల్లులకు ఎంతవరకు వర్తిస్తాయో ఇక్కడే తేలాలి.

అయితే ‘వాళ్ల రక్తమే అంత’ అనే మాట మనకు కొత్త కాదు. అమెరికాలో నల్లజాతి బిడ్డల తక్కువ బరువుకూ జాతినే కారణంగా చూపారు. రిచర్డ్ డేవిడ్, జేమ్స్ కాలిన్స్ ఇల్లినాయ్ జనన రికార్డులను పరిశీలించి 1997లో చూపింది వేరు. ఆఫ్రికాలో పుట్టి వలస వచ్చిన తల్లుల బిడ్డల బరువు, అమెరికాలో పుట్టిన నల్లజాతి తల్లుల బిడ్డల కన్నా తెల్లవారి బిడ్డల బరువుకే దగ్గరగా ఉంది. తేడా రక్తంలో కాదు, బతుకులో ఉంది.

ఇప్పుడు హైటెక్ సిటీని చూద్దాం. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక లేచిన అద్దాల మేడలను ఊడ్చి తుడిచేవారిలో మన వాడల ఆడవాళ్లున్నారు. వారి ఉద్యోగం కంపెనీలో కాదు, ఏజెన్సీలో. గంటల తరబడి నిలబడటం, రక్తహీనత, వైద్యం అందని మూత్ర ఇన్ఫెక్షన్లు నెలలు నిండని కాన్పు ముప్పును పెంచేవే. జన్యు పరీక్ష వీటిని చూపదు.

కాన్పుకు ముందటి చివరి వారాల్లో, గర్భిణి కోరితే, కష్టమైన పని చెప్పకూడదని 1961 ప్రసూతి ప్రయోజన చట్టమే చెప్పింది. ఏడాదిలో 80 రోజులు పనిచేస్తే జీతంతో సెలవు ఇవ్వాలంది. 2017 సవరణ ఆ సెలవును 26 వారాలకు పెంచింది. కానీ ఏజెన్సీ మారిన ప్రతిసారీ సర్వీసును మళ్లీ ఒకటి నుంచి లెక్కపెడితే ఆ 80 రోజులు ఎప్పటికి నిండాలి? పని పోతుందన్న భయంతో బతికేవారు తేలిక పని ఇమ్మని నోరు తెరిచి ఎలా అడుగుతారు?

అందుకే మేం కోరేది మూడు. జన్యు పరిశోధనల్లో మన స్త్రీలకూ చోటుండాలి, వారికి అర్థమయ్యే తెలుగులో చెప్పి సమ్మతి తీసుకోవాలి. నెలలు నిండని కాన్పుల లెక్కలను కులం, పని వారీగా ప్రభుత్వం బయటపెట్టాలి. ఏజెన్సీ ఏదైనా, గర్భిణికి తేలిక పని, సెలవు ఇచ్చే బాధ్యత పని చేయించుకునే కంపెనీ మీదే ఉండాలి.