తప్పు పట్టడం వేరు, తప్పు వెతకడం వేరు

మా ఇంట్లో భోజనాల బల్ల మీద అన్నం తిని నెల రోజులైంది. పదో తరగతి పరీక్షలు అవగానే మావాడు దాని మీద విమానం కట్టడం మొదలుపెట్టాడు. ఫోమ్ షీట్లు, జిగురు, వైర్లు, ఒక పెద్ద రిమోటు. పండక్కి తాతయ్యలు, మామయ్యలు చేతిలో పెట్టిన డబ్బులన్నీ దానికే. చాలక మావారి దగ్గర మరికొంత. మేమంతా కింద చాప వేసుకుని తింటున్నాం.

ఒక ఆదివారం పొద్దున్నే ఘట్‌కేసర్ దాటాక, ప్లాట్లు వేసి వదిలేసిన ఒక వెంచర్‌కి వెళ్లాం. ఎగిరింది! ఆ సంబరం పట్టుమని పది సెకన్లు లేదు. విమానం కాస్త ఎడమకి వాలింది. వీడు కుడికి కొట్టాడు. అది ఇంకా ఎడమకి వాలింది. ఇంకా గట్టిగా కుడికి కొట్టాడు. అంతే, బోర్లా తిరిగి తుమ్మచెట్టు పక్కన నేలకి గుద్దుకుంది.

"చెప్తే విన్నావా? అన్నిటికీ తొందరే. ఇలాగేనా రేపు ఇంటర్ చదివేది?" అన్నారు మావారు. విమానానికీ ఇంటర్‌కీ సంబంధం ఏమిటో నాకైతే అర్థం కాలేదు. కారులో ఎవరం మాట్లాడుకోలేదు. ఇంటికి రాగానే వాడు ఆ ముక్కల్ని అటక మీదకి విసిరేసి, "నాకు రాదులే అమ్మా, వదిలెయ్" అన్నాడు.

ఆ మాటకి నా గుండె కలుక్కుమంది. ఎందుకంటే ఒకప్పుడు నేనూ అదే మాట అన్నాను. ఎనిమిదో తరగతిలో సైకిల్ నేర్చుకుంటూ మలుపులో పడ్డాను. మోకాలు చీరుకుపోయింది. "ఆడపిల్లవి, నీకెందుకమ్మా" అన్నారు నాన్న. నాకు రాదులే అనుకుని మానేశాను. హ్యాండిల్ నట్టు వదులైందని తర్వాత మా తమ్ముడు చూశాడు. నట్టు బిగించి వాడు తొక్కుకున్నాడు. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు, నేనూ మళ్లీ ఎక్కలేదు. ఇప్పటికీ కూరగాయలకి వెళ్లాలంటే ఆటో కోసం నిలబడతాను.

నాలుగు రోజులు చూసి, ఆ ముక్కల్ని నేనే కిందికి దించాను. ముక్కు నలిగింది, రెక్క ఒకచోట చీలింది. జిగురు, టేపుతో అతుక్కునేవే. "ఇది ఎలా పనిచేస్తుందో నాకు చెప్పరా నాన్నా. ముందు ఆ ఫ్యాను ఊడదీసి చెప్పు" అన్నాను. మిక్సీ జారులో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు తీస్తామా లేదా? ఇదీ అంతే. బ్యాటరీ తగిలించి ఉన్నప్పుడు ఆ ఫ్యాను తిరిగిందంటే వేళ్లు తెగుతాయి.

చెప్పాడు. రెక్కల వెనక అంచున కదిలే పలకలు ఎయిలరాన్లు. ఫ్రెంచిలో చిన్న రెక్క అని అర్థమట. తోక మీద అడ్డంగా ఉన్నది ఎలివేటర్, నిలువుగా ఉన్నది రడ్డర్. లోపల సర్వో అనే చిన్న మోటారు, దాని చేతి నుంచి పలకకి ఒక ఇనప తీగ. రిమోటు పుల్లని కుడికి తోస్తే కుడి ఎయిలరాన్ పైకి లేవాలి, ఎడమది దిగాలి. పుల్లని మన వైపు లాక్కుంటే ఎలివేటర్ పైకి లేవాలి.

"మరి ఎగరేసే ముందు చూసుకోలేదా?"

"పదిసార్లు చూశానమ్మా."

"ఎక్కడ కూర్చుని చూశావ్?"

వాడు మామూలుగా కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. విమానం ముక్కు వాడి వైపే ఉంది. పుల్లని కుడికి తోశాడు. వాడి కుడి చేతి వైపు రెక్క పలక పైకి లేచింది. రెండు క్షణాలు దాన్నే చూశాడు. "అమ్మా, అది దాని ఎడమ రెక్క!" అన్నాడు.

ఎదురుగా నిలబడి ఎవరికైనా పైట వేసేటప్పుడు ఎడమ భుజం ఏదో మనకీ ఒక్క క్షణం తికమకే కదా. అంత చిన్న పొరపాటు. విమానం తోక వెనక నిలబడి చూసుంటే మొదటిసారే తెలిసేది.

ఇది పిల్లలకే జరిగేది కాదు. 2018 నవంబరులో పోర్చుగల్‌లో ఒక నిజం జెట్ విమానం మరమ్మతు చేయించుకుని బయల్దేరింది. ఎయిలరాన్ల తీగలు తిరగేసి బిగించారు. పైలట్లు గంటకు పైగా ఆకాశంలో దానితో పోరాడి ఎలాగో దించారు. అందులో ఉన్న ఆరుగురూ బతికి బయటపడ్డారు. అంతటివాళ్లకే తప్పలేదు, నా పదహారేళ్లవాడెంత?

రిమోటులో ఆ ఛానెల్‌ని రివర్స్ చేయడం అర నిమిషం పని. వాడు ఎగిరి గంతేశాడు. "ఆగు, ఇంకేమైనా ఉందేమో చూద్దాం" అన్నాను. ఉంది. పుల్ల మధ్యలో ఉన్నా కుడి పలక కాస్త కిందికి వేలాడుతోంది. దాన్ని సమం చేయడానికి వాడు రిమోటులో ట్రిమ్‌ని దాదాపు చివరిదాకా తోసేశాడు. గాల్లో నిజంగా సర్దాల్సి వస్తే ఇక తోయడానికి చోటేదీ?

ట్రిమ్‌ని మళ్లీ మధ్యకి తెచ్చాం. సర్వో చేతి మర ఊడదీసి, సర్వో మధ్యలో ఉండగా ఆ చేతిని తీగకి నిలువుగా ఉండేలా పెట్టి బిగించాం. మిగిలిన తేడాని తీగ చివరి కొక్కాన్ని రెండు చుట్లు తిప్పి సరిచేశాం. పలక మరీ ఎక్కువ కదులుతోందని, పలక మీది హార్న్‌లో తీగని బయటి రంధ్రానికి మార్చాం. తలుపుని బందుల దగ్గర జానెడు తోస్తే బార్లా తెరుచుకుంటుంది, చివర జానెడు తోస్తే కొంచెమే కదులుతుంది. అదే లెక్క.

వాడు అన్నీ ఒకేసారి మార్చబోయాడు. నేను ఒప్పుకోలేదు. పులుసులో ఉప్పూ బెల్లం ఒకేసారి వేస్తే దేనివల్ల కుదిరిందో, దేనివల్ల చెడిందో తెలుస్తుందా? ఒక్కటి మార్చు, చూడు, తర్వాత ఇంకోటి.

ఇదంతా విమానాల గురించి రాస్తున్నానని అనుకుంటున్నారేమో. మన ఇళ్లలో మనం ఎక్కువగా చేసేది ఆ ట్రిమ్ పనే అని నాకు అనిపిస్తోంది. పిల్లాడికి మార్కులు తగ్గితే రెండు కేకలు, ఫోన్ లాక్కోవడం, ఇంకో ట్యూషన్. ఆ పూటకి సమంగా కనిపిస్తుంది. తీగ ఎక్కడ వంకరగా ఉందో ఎవరూ చూడరు. ఇక కేకలేసే చోటు కూడా అయిపోయాక ఏం చేస్తాం?

తప్పు పట్టడం క్షణంలో పని. దానికి మనిషి చాలు. తప్పు వెతకాలంటే పక్కన కూర్చోవాలి, పిల్లాడు ఎటు నుంచి చూశాడో అటు నుంచి మనమూ చూడాలి. తప్పు పడితే పిల్లలు "నాకు రాదు" అనుకుంటారు. తప్పు వెతికితే "అది తిరగబడింది" అంటారు. ఈ రెండు మాటల మధ్య ఎంత దూరముందో, ముప్పై ఏళ్లుగా ఆటో కోసం నిలబడుతున్న నాకు తెలుసు.

అలాగని మావారిని తప్పు పట్టడం లేదు (ఇంత చెప్పాక అదెలాగూ కుదరదు!). కష్టపడి సంపాదించిన డబ్బు కళ్ల ముందు నేలకి గుద్దుకుంటే ఎవరికైనా కోపం వస్తుంది. ఆయనకి నేను ఏమీ చెప్పలేదు. విరిగిన రెక్కకి టేపు వేసేటప్పుడు "ఏవండీ, కాస్త పట్టుకోండి" అని మాత్రం పిలిచాను.

మొన్న ఆదివారం మళ్లీ అదే వెంచర్‌కి వెళ్లాం. ఈసారి నాలుగు నిమిషాలు ఎగిరింది. దిగేటప్పుడు పొదల్లో పడి ఒక చక్రం ఊడింది, అది వేరే సంగతి. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఎగరేయడానికి ముందు జరిగింది. మావారు లుంగీ ఎగ్గట్టి విమానం తోక వెనక గొంతుక్కూర్చున్నారు. "కుడికి కొట్టరా" అన్నారు. పలక కదిలింది. "కుడిది లేచింది, సరే. ఇప్పుడు ఎడమకి" అన్నారు.

మాకింకా భోజనాలు కిందే. చక్రం అతుకుతున్నారు, ఇద్దరూ.