రొయ్యకున్నపాటి భాగ్యం

మంగళవారం తెల్లారగట్ల చింతలపూడి సెంటర్లో టీ తాగుతుంటే రొయ్యల ప్లాంటుకెళ్లే ఆటో వచ్చి ఆగింది. వెనక రెగ్జిన్ మీద ‘భౌతిక దూరం పాటిద్దాం’ అన్న అక్షరాలు వెలిసిపోయి ఇంకా ఉన్నాయి. వాటి కిందే నలుగురు ఆడవాళ్లు కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు. లోపల ఇంకో తొమ్మిది మంది, ఒళ్లో క్యారేజీలు. ముగ్గురెక్కే బండిలో పదమూడు మంది! ఒకమ్మాయి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతోంది.

"జొరమా అమ్మాయ్?"

"నిన్నట్నించీ బాబాయ్. బిళ్లేసుకున్నా. నాగా పెడితే కూలి పోద్ది."

కరోనా రోజుల్లో, 2020 ఏప్రిల్ 15న కేంద్ర హోంశాఖ ఫ్యాక్టరీలకు నిబంధనలిచ్చింది. పనివాళ్ల బండిలో 30–40 శాతమే ఎక్కాలి, షిఫ్టుల మధ్య గంట ఎడం ఉండాలి, గేటు దగ్గర జ్వరం చూడాలి. అన్నీ రాశారు గానీ, జ్వరమొచ్చి వెనక్కెళ్లిన మనిషి కూలి మాట మాత్రం రాయలేదు. మరి ఎవరు చెబుతారండీ జ్వరమని? బిళ్ల మింగి గేటు దాటతారు.

ఈ మాట నేను ఎన్నిసార్లు రాశానో నాకే లెక్కలేదు: అంటురోగానికి అసలు మందు జీతంతో సెలవు. ఈఎస్ఐ ఉందిగా అంటారు. ఉంది. జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజులు, జీతంలో 70 శాతం. కానీ మామూలుగా మొదటి రెండ్రోజులకి పైసా రాదు. పక్కవాళ్లకి అంటించేది సరిగ్గా ఆ రోజుల్లోనే కదా! అదైనా రోల్లో ఉన్నవాళ్లకి. మేస్త్రీ చిట్టాలో ఉన్నవాళ్లకి అదీ లేదు.

జర్మనీలో టోనీస్ మాంసం ఫ్యాక్టరీలో 2020 జూన్‌లో 1,500 మందికి పైగా కరోనా సోకింది. చలిగదులు, భుజం భుజం ఆనించి పని, ఇరుకు బసలు. అక్కడి ప్రభుత్వం మాస్కులు పంచి ఊరుకోలేదు. 2021 జనవరి నుంచి మాంసం కోతలో సబ్‌కాంట్రాక్టు పద్ధతినే ఎత్తేసింది. మనమేమో 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక చట్టం ప్రకారం, కరెంటుతో నడిచే షెడ్డులో 20 మంది ఉంటేనే ఫ్యాక్టరీ అంటున్నాం. ఇదివరకు పదిమంది చాలు. పంతొమ్మిది మంది దగ్గితే అది ఫ్యాక్టరీ దగ్గు కాదన్నమాట.

రొయ్య మాత్రం ఐసులో, డిగ్రీల లెక్కన ప్రయాణం చేస్తుంది. యాంటీబయాటిక్ జాడ ఉంటే ఓడ ఎక్కనివ్వరు. దాని తల తీసే మనిషి ఆటో వెనక వేలాడుతూ వెళ్తుంది.

కార్మిక శాఖ వారికి మనవి: ఒక్కరోజు ఉదయం ఐదున్నరకి చింతలపూడి సెంటరుకి రండి. టీ నేనిప్పిస్తాను.