ఇమ్యూనిటీకి వాల్యూమ్ బటన్ లేదు

కరోనా వచ్చిపోయిన దగ్గర్నుంచీ "ఇమ్యూనిటీ పెంచుకోవడం" మనవాళ్ళకి ఒక వ్రతమైపోయింది. విశాఖలోనే కాదు, పద్మనాభం లాంటి మండల కేంద్రంలో కూడా మందుల షాపులో పారాసెటమాల్ పక్కనే ఇమ్యూనిటీ సిరప్పులు. మనమేమైనా తక్కువ తిన్నామా? ఏ ఆఫీసు ప్యాంట్రీలో చూసినా ఏదో ఒక పొడి కలుపుకుని తాగేవాడు ఒకడుంటాడు. ఎవరి సరదా వారిది, నేనెందుకు కాదంటాను!

కానీ ఆ ఊళ్ళో ఉండే మా చిన్నాన్న కొడుకు మొన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, పాపకి పదో నెల వచ్చింది. టైఫాయిడ్ టీకా వేయించమంటున్నారు డాక్టరుగారు. డబ్బెట్టి ఆ సూది పొడిపించే బదులు ఇమ్యూనిటీ సిరప్పు పోస్తే సరిపోదా?" అన్నాడు. వాణ్ణి తప్పుపట్టలేం. తప్పంతా "పెంచడం" అన్న మాటలోనే ఉంది.

పెంచడం అనగానే మనకి వాల్యూమ్ బటన్ లాంటిదేదో గుర్తొస్తుంది. మన రోగనిరోధక వ్యవస్థ అలాంటిది కాదు. మన భాషలో చెప్పాలంటే అదొక యాక్సెస్ కంట్రోల్ వ్యవస్థ, అదీ టూ ఫ్యాక్టర్ అథెంటికేషన్ ఉన్నది.

ఎలాగో చూద్దాం. టీ-కణాలని తెల్లరక్తకణాల్లో ఒక రకం. ఒక్కో టీ-కణం మీద ఒక్కో రకం రిసెప్టర్ ఉంటుంది, అలాంటి రకాలు మన ఒంట్లో కోట్లలో ఉంటాయి. చిత్రమేమిటంటే టీ-కణం క్రిమిని నేరుగా గుర్తుపట్టలేదు. ఎవరో ఒకరు క్రిమిని ముక్కలు చేసి, పళ్ళెంలో పెట్టి చూపించాలి. ఆ పని ముఖ్యంగా డెండ్రైటిక్ కణాలది. ఇవి చర్మంలో, పేగుల్లో గస్తీ తిరుగుతూ క్రిమిని మింగి, దాని ప్రొటీన్లని పది ఇరవై అమైనో ఆమ్లాల ముక్కలుగా నరికి, ఎంహెచ్‌సి అనే పళ్ళెంలో పెట్టుకుని దగ్గర్లోని లింఫ్ గ్రంథికి పోతాయి. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కడుతుంది చూశారూ, ఆ బిళ్ళే వీళ్ళ మీటింగ్ రూము. ఆ ముక్కకి సరిపోయే రిసెప్టర్ ఉన్న టీ-కణం తగిలేదాకా అక్కడ వెతుకులాట సాగుతుంది.

తగిలింది. అది మొదటి సంకేతం. దాంతోనే పని మొదలవదు. డెండ్రైటిక్ కణం మీద బి7 అనే మరో ప్రొటీన్ ఉండి, అది టీ-కణం మీది సిడి28ని తాకాలి. ఇది రెండో సంకేతం. క్రిమి వాసనేదో తగిలి, నిజంగానే ప్రమాదం ఉందనిపిస్తేనే డెండ్రైటిక్ కణం బి7ని బాగా పైకి తెస్తుంది. రెండోది లేకుండా మొదటిదొక్కటే అందితే టీ-కణం మొద్దుబారిపోతుంది. మన ఒంటి ప్రొటీన్ల ముక్కలు కూడా అవే పళ్ళేల్లో రోజూ ఊరేగుతుంటాయి మరి! వాటి మీద దాడి జరగకుండా కాచే ఏర్పాట్లలో ఇదొకటి.

మరి ఈ తనిఖీని పక్కన పెట్టి నిజంగానే "బూస్ట్" చేస్తే? అదీ జరిగింది. 2006 మార్చిలో లండన్ నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రి ఆవరణలో టీజీఎన్1412 అనే మందుని మొదటిసారి మనుషుల మీద పరీక్షించారు. మొదటి సంకేతంతో పని లేకుండా, సిడి28ని నేరుగా నొక్కి టీ-కణాల్ని లేపే మందు అది. మందు తీసుకున్న ఆరుగురు ఆరోగ్యవంతులూ గంటల్లోనే సైటోకైన్ తుఫానులో చిక్కుకుని, అవయవాలు దెబ్బతిని ఐసీయూ పాలయ్యారు. అదృష్టం బాగుండి అందరూ బతికారు. వాల్యూమ్ పెంచడమంటే అదీ. ఆ సిరప్పులు నిజంగా అంత పని చేయకపోవడం మన అదృష్టం :-)

ఇప్పుడు మావాడి పాప సంగతి. టైఫాయిడ్ క్రిమికి విఐ అనే చక్కెర గొలుసుల తొడుగు ఉంటుంది. పాత టీకాలో ఆ చక్కెర ఒక్కటే ఉండేది. ఎంహెచ్‌సి పళ్ళెంలో ప్రొటీన్ ముక్కలు కూర్చుంటాయిగానీ ఈ చక్కెర కూర్చోదు. పళ్ళెం ఖాళీ, కాబట్టి టీ-కణం సాయం లేదు. ప్రతిరక్షకాలు తయారుచేసే బి-కణం ఒంటరిగా ఏదో కాస్త చేస్తుందిగానీ గట్టి జ్ఞాపకం మిగలదు. అందుకే ఆ టీకా రెండేళ్ళలోపు పిల్లలకి పనికొచ్చేది కాదు, పెద్దవాళ్ళకైనా మూడేళ్ళకోసారి మళ్ళీ వేయాల్సిందే.

హైదరాబాదు జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ వాళ్ళ టైప్‌బార్ టీసీవీలో ఈ చక్కెరని టెటనస్ టాక్సాయిడ్ అనే ప్రొటీన్‌కి అతికించారు. చక్కెరని గుర్తుపట్టిన బి-కణం రెండింటినీ కలిపే మింగుతుంది, టెటనస్ ముక్కని పళ్ళెంలో పెడుతుంది. ఆ ముక్కని ఎరిగిన టీ-కణం వచ్చి సాయం పడుతుంది. బి-కణం మాత్రం తనకి తెలిసిన చక్కెర మీదే ప్రతిరక్షకాలు తయారుచేస్తుంది. మనం పాత కోడ్‌ని కొత్త సిస్టమ్‌కి కలపడానికి అడాప్టర్ రాస్తామే, అచ్చం అలాగ! ఆరు నెలల పిల్లలకీ ఒక్క డోసు వేస్తే చాలు.

2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత ఇచ్చిన మొదటి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఇదే. నేపాల్‌లో సుమారు 20,000 మంది పిల్లల మీద జరిపిన పరీక్షలో దాదాపు 80 శాతం రక్షణ కనిపించింది. 2016లో పాకిస్తాన్ సింధ్‌లోని హైదరాబాదులో మందులకి లొంగని టైఫాయిడ్ చెలరేగితే, అక్కడి పిల్లలకి వేసింది మన హైదరాబాదు టీకానే. 2019లో దీన్ని మామూలు టీకాల జాబితాలో చేర్చిన మొదటి దేశం కూడా పాకిస్తానే. మన దేశంలో 2018లో నవీ ముంబై నగరపాలక సంస్థ లక్ష మందికి పైగా పిల్లలకి వేసింది.

నూటికి ఎనభై అంటే నూరు కాదు కదా అంటారు. నిజమే. మంచినీళ్ళ గొట్టం, మురుగు కాలవ కలిసినంత కాలం టైఫాయిడ్ ఉంటుంది, ఆ పని టీకా చేయలేదు. కడుపునిండా తిండి, నిద్ర కూడా కావాలి. తిండి చాలని పిల్లల్లో రోగనిరోధక శక్తి తగ్గుతుందన్నదీ నిజమే. కానీ తిండి సైన్యాన్ని పోషిస్తుందంతే, శత్రువు ఫోటో చూపించదు. సిరప్పయితే ఆ రెండిట్లో ఏదీ చేయదు.

నా మటుకు నాకు రెండు కోరికలు. ఒకటి, ఈ టీకా డబ్బు పెట్టగలిగిన ఇంటి పిల్లలకే కాదు, పద్మనాభం మండలంలో ప్రతి ఊరి పిల్లలకీ పైసా ఖర్చు లేకుండా అందాలి. తయారయ్యేది మన దగ్గరే కాబట్టి దూరమన్న సాకు చెల్లదు. రెండోది మనకి. ఊరి నుంచి ఇలాంటి ఫోన్లు మనకే వస్తాయి, "కంప్యూటరు చదువుకున్నోడు, వాడికి తెలుసు" అని. "ఏదో ఒకటి వాడండి" అని పెట్టేయకుండా ఓ పది నిమిషాలు కూర్చుని చెబుదాం. మావాడికి చెప్పాను. సిరప్పు సీసా వాణ్ణే తాగమని, పాపకి మాత్రం టీకా వేయించమని.