చెట్టెక్కేవాడు మీ జాబితాలో లేడు

కేంద్ర సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల శాఖ మంత్రిగారికి,

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగి నుంచి వలలు అల్లేవారి దాకా 18 వృత్తులున్నాయి. చెట్టెక్కి కొమ్మలు కొట్టే మనిషి మాత్రం లేడు. గాలివానకు వేపచెట్టు ఇంటి మీదికి ఒరిగితే మనం మొదట వెతికేది అతణ్ణే!

అతని సామాను గొడ్డలి, తాడు, మహా అయితే అద్దెకు తెచ్చిన రంపం మిషను. నడుముకు బెల్టు, తలకు హెల్మెట్ చాలామందికి ఉండవు. రంపం కొన కొమ్మకు తగిలితే ఒక్కసారిగా వెనక్కి తన్నుతుంది. అప్పుడు గొలుసును ఆపాల్సిన బ్రేకు పనిచేస్తోందో లేదో చూసుకోవాలని చెప్పేవారే లేరు. కరెంటు తీగల పక్కనైతే లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని కరెంటు ఆపాకే కొమ్మ మీద చెయ్యి వేయాలి. ఇంటి యజమానికి అంత ఓపికేదీ? ‘చూసుకుని కొట్టెయ్’ అంటాడు.

బేరం నోటిమాటే. కొమ్మలు తరలించే ట్రాలీ ఆటో కిరాయి పోగా మిగిలిందే కూలి.

తెలంగాణ 2024లో గీత కార్మికులకు ‘కాటమయ్య రక్ష’ భద్రతా కిట్లు ఇచ్చింది. కొబ్బరి అభివృద్ధి మండలి చెట్లెక్కేవారికి శిక్షణ, బీమా కల్పించింది. మీరు కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

చెట్టెక్కి కొమ్మలు కొట్టే పనిని 19వ వృత్తిగా చేర్చండి. పనిముట్లకిచ్చే రూ.15,000 బెల్టు, తాళ్లు, హెల్మెట్లకు, 5 శాతం వడ్డీకిచ్చే తొలివిడత లక్ష రుణం రంపానికి, పాత ట్రాలీకి కట్టే మొదటి వాయిదాకు పనికొస్తాయి. తాడు మీద నిలబడటం నేర్పాకే రంపం చేతికివ్వండి.

ఇట్లు,
ఒక పౌరుడు