తాబేలు ముక్కు రుద్దేవాళ్ళకి ఒక మాట

మొన్న డిసెంబర్లో మా అక్క కొడుక్కి ఆవకాయ, కందిపొడి, ఒక బియ్యం మూట ఇచ్చి రావడానికి కాలేజ్ పార్క్ వెళ్ళా. వాడు యూనివర్సిటీ ఆఫ్ మేరీల్యాండ్‌లో ఎమ్మెస్ మొదటి సెమిస్టర్. ఫైనల్స్ వారం. "ఒక్క నిమిషం మామయ్యా, చిన్న పనుంది" అని నన్ను మెకెల్డిన్ లైబ్రరీ ముందుకి లాక్కెళ్ళాడు. ఆ పనేంటయ్యా అంటే అక్కడున్న కంచు తాబేలు ముక్కు రుద్దడం! రుద్ది, జేబులోంచి పార్లే-జీ ప్యాకెట్ తీసి దాని ముందు పెట్టాడు. అప్పటికే అక్కడ పిజ్జా డబ్బాలు, కాఫీ కప్పులు, నూడుల్స్ ప్యాకెట్లు, కొవ్వొత్తులు కుప్పగా పడున్నాయి. జాతర మర్నాడు పోలేరమ్మ గుడి ముందు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. 2013 డిసెంబర్లో అయితే ఆ నైవేద్యాల కుప్పకి నిప్పంటుకుంది కూడా.

ఆ తాబేలు పేరు టెస్టూడో. వేలమంది చేతులు పడి ముక్కు ఒక్కటే బంగారంలా మెరుస్తోంది. నేనూ రుద్దా. అబద్ధం ఎందుకు, ఆ సోమవారం మాకు ప్రొడక్షన్ రిలీజ్ ఉంది.

ఆ శనివారం ఒక స్నేహితుడింట్లో పాట్‌లక్. ఫోన్లో ఫోటో చూపించా, అంతే, రెండు పార్టీలు తయారయ్యాయి. మొదటి పార్టీ వాదన: "చిలుకూరు బాలాజీ చుట్టూ వీసా కోసం 11 ప్రదక్షిణలు చేసి, వచ్చాక 108 చేస్తే మూఢనమ్మకం. ఇది మాత్రం ట్రెడిషన్, సరదా". రెండో పార్టీ వాదన ఇంకా గొప్పది: "చూశారా, అమెరికా వాళ్ళు కూడా కూర్మావతారాన్ని పూజిస్తున్నారు. మన వాళ్ళు ఎప్పుడో చెప్పారు". ఇది చెప్పినాయన మా హోస్టే. కుడిచేతి వేలికి వెండి తాబేటి ఉంగరం. ఐటీలో ఉన్నవాళ్ళకి ఆ ఉంగరం గురించి నేను చెప్పక్కర్లేదు, పక్క క్యూబ్‌లో ఒకటి ఉండే ఉంటుంది.

మొదటి పార్టీ వాళ్ళకి పెద్దగా చెప్పేదేం లేదు. బాబూ, దసరా రోజు సర్వర్ ర్యాక్‌కి కుంకుమ బొట్టు పెట్టి, కింద నిమ్మకాయలు పెట్టి ప్రసాదం తిన్నది మనమే కదా. రెండూ ఒకటే సరుకు. పరీక్ష ముందు మనిషికి భయం, ఆ భయానికి ఏదో ఒకటి ముట్టుకోవాలి. తెల్లతోలు ముట్టుకుంటే ముద్దు, మనం ముట్టుకుంటే వెనకబాటుతనం అనడం బానిస బుద్ధి తప్ప ఇంకేం కాదు. రెండో పార్టీకి కూడా ఒకటే మాట: అక్కడెవడూ అవతారాన్ని పూజించట్లేదు. అది వాళ్ళ చీసపీక్ బేలో ఉప్పు నీళ్ళూ మంచి నీళ్ళూ కలిసే చోట బతికే డైమండ్‌బ్యాక్ టెర్రపిన్ అనే ఊరి తాబేలు, అంతే.

నాకు తిక్క రేగింది వేరే చోట. రెండు పార్టీల్లో ఒక్కళ్ళు కూడా అసలు తాబేలు సంగతి అడగలేదు. బొమ్మ గురించి గంటన్నర కొట్టుకున్నారు.

ఇంటికొచ్చాక కూర్చుని చదివా. 1932లో కర్లీ బర్డ్ అనే ఆయన ఈ తాబేల్ని యూనివర్సిటీ గుర్తుగా పెట్టమన్నాడు. ఆయన పుట్టిన క్రిస్‌ఫీల్డ్ ఊరు చీసపీక్ ఒడ్డునే ఉంటుంది. (తర్వాత యూనివర్సిటీ ప్రెసిడెంట్ అయ్యాడు. నల్లవాళ్ళని క్యాంపస్‌లోకి రానివ్వకూడదన్న మనిషి కాబట్టి 2015లో స్టేడియానికున్న ఆయన పేరు తీసేశారు. తాబేలు మాత్రం మిగిలింది.) 1933 బ్యాచ్ వాళ్ళు కంచు విగ్రహం పోయించి ఇచ్చారు. నమూనా కోసం ఒక బతికున్న తాబేల్ని పంపారు. దాని డొక్కు ఇప్పటికీ యూనివర్సిటీ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉంది. 1947లో జాన్స్ హాప్‌కిన్స్ కుర్రాళ్ళు విగ్రహాన్ని ఎత్తుకుపోతే వీళ్ళు దండెత్తి వెళ్ళారు, పోలీసులు రావాల్సొచ్చింది. ఆ దొంగతనాలు పడలేక తర్వాత విగ్రహం లోపల సిమెంటు నింపి బోల్టులు బిగించారు. ఒక బొమ్మకి ఇంత సెక్యూరిటీ!

మరి ప్రాణమున్న దానికో? ఆ తాబేలుతో చేసే సూప్ ఒకప్పుడు డబ్బున్నవాళ్ళ విందుల్లో తప్పనిసరి వంటకం. క్రీము, షెర్రీ సారా పోసి వండేవాళ్ళు. 1900 అటూ ఇటూ దాదాపు ఊడ్చిపెట్టి తినేశారు. దాన్ని కాపాడిన వాటిలో ఒకటి ఏంటో తెలుసా? 1920లో వచ్చిన మద్యనిషేధం. షెర్రీ దొరక్క సూప్ మోజు తగ్గింది! 1994లో దాన్ని రాష్ట్ర సరీసృపంగా ప్రకటించారు. బాగుంది. 2002లో బాస్కెట్‌బాల్ ఛాంపియన్‌షిప్ గెలిచినప్పుడు ఎక్కడ చూసినా "ఫియర్ ద టర్టిల్" టీషర్టులే. 2006లో యూనివర్సిటీ 150 ఏళ్ళ పండగకి రంగురంగుల టెస్టూడో బొమ్మలు 50 చేసి ఊళ్ళల్లో నిలబెట్టారు. అదే ఏడు, అదే చీసపీక్‌లో, అసలు తాబేల్ని పట్టి అమ్ముకోవడం చట్టప్రకారం తప్పు కాదు. వ్యాపారానికి పట్టడం నిషేధిస్తూ చట్టం వచ్చింది 2007లో. అంటే కంచు తాబేలు కూర్చున్న 74 ఏళ్ళకి!

"చూశారా, అమెరికా వాళ్ళంతే" అని మీరు అనేలోపు నా సంగతి చెప్తా.

నేను మూడో క్లాసులో ఉండగా మా తాతయ్య ఒక నక్షత్ర తాబేల్ని కొనుక్కొచ్చాడు. మాది విజయనగరం పక్క పల్లె. ఇంట్లో తాబేలుంటే కలిసొస్తుందని ఎవరో చెప్పారట. పెరట్లో సిమెంటు తొట్టి నిండా నీళ్ళు పోసి అందులో వేశాం, తాబేలంటే నీళ్ళలో ఉండాలి కదా అని. దానికి నీళ్ళు పట్టే పని నాది. నాలుగో రోజుకి చచ్చిపోయింది. అది మెట్ట తాబేలని, దానికి ఈత రాదని నాకు తెలిసింది ఉద్యోగం వచ్చాక, ఎక్కడో చదివితే. ఆ నాలుగు రోజులూ అది తొట్టి అంచు పట్టుకోవడానికి గీరుతుంటే ఆడుకుంటోంది అనుకుని చప్పట్లు కొట్టా.

శ్రీకూర్మం మాకు దూరమేం కాదు. అక్కడ కూర్మనాథుడి గుళ్ళో దణ్ణం పెట్టుకుని, ఆవరణలో పెంచే నక్షత్ర తాబేళ్ళకి ఆకు తినిపించి వచ్చిన కుటుంబం మాది. అదే కుటుంబం ఇంటికొచ్చి ఇంకో తాబేల్ని తొట్టిలో ముంచింది. ఆ జాతిని ఇంట్లో పెంచడం ఇవాళ మన చట్టప్రకారం నేరం. అదృష్టం కోసమనీ, ముద్దుగా ఉంటుందనీ దొంగరవాణా ఆగకపోతే 2019లో అంతర్జాతీయంగా కూడా దాని వ్యాపారం నిషేధించారు. ఇక సముద్రం సంగతి చెప్పక్కర్లేదు. శీతాకాలం వస్తే చాలు, మన తీరం పొడుగునా చచ్చిన ఆలివ్ రిడ్లే తాబేళ్ళు కొట్టుకొస్తాయి. ట్రాల్ వలలో చిక్కితే ఊపిరాడక చస్తాయి, అవి గాలి పీల్చే జీవాలు. వలకి తాబేలు తప్పించుకునే కిటికీ ఒకటి కుట్టాలి. మనం కుట్టలేదని 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల్ని కొనడం ఆపేసింది.

నేను అనేది ముక్కు రుద్దద్దని కాదు. రుద్దండి. ఉంగరం పెట్టుకోండి, శ్రీకూర్మం వెళ్ళండి. కానీ దాన్నడిగి ఏదో ఒకటి పుచ్చుకుంటున్నప్పుడు దానికి మనం ఏం బాకీ ఉన్నామో కూడా కనుక్కోండి. పార్లే-జీ కాదు, అది ఖాయం.

మళ్ళీ ఆ పాట్‌లక్ దగ్గరకొస్తా. ఆ రోజు స్పెషల్ పీతల కూర. మా హోస్ట్ ఇల్లు చీసపీక్ ఒడ్డునే, సొంత డాక్ ఉంది, వేసవిలో రెండు పీతల బుట్టలు వేస్తాడు. నేనూ రెండుసార్లు వడ్డించుకున్నా, అద్భుతంగా ఉంది. చదివాక తెలిసిందేంటంటే ఇవాళ టెర్రపిన్‌ని చంపే వాటిలో పెద్దది సూప్ కాదు, ఆ బుట్టే. ఎర కోసం లోపలికి దూరుతుంది, బయటకి రాలేదు, ములిగి చస్తుంది. అందుకే ఇంటి డాక్ దగ్గర వేసే బుట్టల దారులకి సన్నటి చట్రాలు బిగించాలని మేరీల్యాండ్‌లో రూలు. పీత పడుతుంది, తాబేలు పట్టదు.

ఆయనకి ఫోన్ చేసి "అన్నా, మీ బుట్టలకి అవి ఉన్నాయా?" అని అడిగా. "అవేంటి?" అన్నాడు. తాబేటి ఉంగరం పెట్టుకున్న మనిషి! పాపం చెడ్డవాడేం కాదు, ఎవరూ చెప్పలేదంతే. లింకు పంపా, ఒక దణ్ణం గుర్తు తిరిగొచ్చింది. మూడు వారాలయ్యింది, ఇంకేం లేదు. సీజన్ ఏప్రిల్లో మొదలవుతుంది. ఆ లోపు ఒక శనివారం నేనే వెళ్తున్నా. రెండు బుట్టలు, బుట్టకి నాలుగు దారులు, ఎనిమిది చట్రాలు, ఒక కట్ట జిప్ టైలు. మా మేనల్లుడు కూడా వస్తానన్నాడు, వాడికి ఆల్గరిథమ్స్‌లో ఏ మైనస్ వచ్చిందట.