పొడి అక్షరాలు

హైటెక్ సిటీ అనగానే ‘హై టెక్నాలజీ’కి కుదించిన పేరని అనేకులు భావిస్తారు. నిజానికి అది హైదరాబాద్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ ఇంజనీరింగ్ కన్సల్టెన్సీ సిటీ అనే సుదీర్ఘ నామానికి పొడి అక్షరాల కూర్పు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి ఆ ప్రాంతమంతా పొడి అక్షరాల మయమే!

అక్కడ ఉద్యోగం చేస్తున్న మనవడు ఒకనాటి రాత్రి భోజనాల వేళ తాతగారికి ఆ పరిభాషను వివరిస్తున్నాడు.

“దాదాజాన్, ‘ర్యామ్’ అంటే కరెంటు పోగానే సర్వం మరచిపోయే జ్ఞాపకం.”

“తెలిసింది బేటా! మస్జిదు గడప దాటగానే మనం మరచిపోయే జుమా ఖుత్బా.”

“‘గిగో’ అంటే, లోపల చెత్త వేస్తే బయటకు చెత్తే వస్తుంది.”

“అంటే చాడీలు వినే చెవి, వాటిని మోసే నోరు.”

అందరూ నవ్వారు.

“‘యూపీఎస్’ అంటే, కరెంటు పోయాక పని భద్రపరచుకోవడానికి లభించే కొద్దిపాటి గడువు.”

దాదాజాన్ నవ్వలేదు. “అది నా వృద్ధాప్యం” అన్నారు మెల్లగా. “తమ్మునితో మాటలు మాని మూడేళ్లయింది. ఫోను కలుపు బేటా.”

సోదరునితో మూడు దినాలకు మించి మాటలు మానరాదని దైవప్రవక్త (సఅసం) బోధించారు. మన గడువు ఎంతో అల్లాహ్‌కే ఎరుక.