పాట మనది, డప్పు మనది – మరి రికార్డు ఎవరిది?

పాత నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో మన వాడలకు పాట ఎవరో నేర్పింది కాదు. నాటు కాడ, కోత కాడ, పెండ్లి కాడ, సావు కాడ అది మన గొంతులోనే పుట్టింది. దళిత ఉద్యమం ఊరూరు తిరిగింది డప్పు మీదనే. 1994లో మాదిగల ఉద్యమం తనకు పెట్టుకున్న పేరే దండోర. అయినా ఆ పాట క్యాసెట్టయిన నాడు, సీడీ అయిన నాడు, ఇయ్యాల యూట్యూబుకు ఎక్కిన నాడు దాని మీద పేరెవరిది? పైసలెవరియి? "జానపదం", "సేకరణ" అనే రెండు మాటల కింద ఎంతమంది అవ్వల పేర్లు, అన్నల పేర్లు మాయమైనయో లెక్కలేదు.

పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య నాగర్‌కర్నూల్ జిల్లా బిడ్డ. 2021లో ఒక సినిమా పాటలో ఆయన గొంతు రాష్ట్రమంతా మోగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో అదే మనిషి హైదరాబాదు పక్కన కూలి పని చేసుకుంటున్నడని పత్రికలు రాసినయి. ఎవరి మీదనో నింద వెయ్యడానికి ఈ మాట ఎత్తడం లేదు. బిరుదు వేరు, బువ్వ వేరు, పాట మీద హక్కు వేరు అని చెప్పడానికే ఎత్తుతున్నం.

చట్టం ఏమంటది?

1957 కాపీరైటు చట్టం ప్రకారం సౌండు రికార్డుకు యజమాని పాడినోళ్లు కాదు, రాసినోళ్లు కాదు. దాన్ని తయారు చెయ్యడానికి పూనుకొని బాధ్యత తీసుకున్నోళ్లు. కంపెనీ పూనుకొని చేయిస్తే ఆ రికార్డు కంపెనీదే, అరవై ఏండ్ల దాకా. 2012 సవరణ రాసినోళ్లకు, బాణీ కట్టినోళ్లకు కొంత బలం ఇచ్చింది. కాగితం రాసిచ్చినా రాయల్టీలో సమాన వాటా వాళ్లను విడిచిపోదు. రాసిచ్చిన కాగితంలో గడువు లేకుంటే అది అయిదేండ్లే చెల్లుతది. ఈ సంగతులు తెలియక మన కళాకారులు ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెడుతున్నరు.

అందుకే మేం అంటున్నం: మన రికార్డుకు మనమే పూనుకోవాలె. అది ఇయ్యాల ఒక ఇంట్లో, ఒక అర్రలో అయ్యే పని. ఒక కంప్యూటరు, అందులో ఒక సాఫ్టువేరు, మైకులు, మైకును కంప్యూటరుకు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె ఉంటే చాలు. అయితే ఏది కొనాలె అన్నది దుకాణపోడు చెప్పొద్దు. మన డప్పు చెప్పాలె, మన గొంతు చెప్పాలె.

ఫోను ఉన్నది గదా అంటరు

ఉన్నది. యాది పెట్టుకోవడానికి ఫోను మంచిదే. కాని ఫోను ముఖ్యంగా మాట కోసం తయారైంది. శబ్దం పెరిగితే తానే తగ్గిస్తది, తగ్గితే తానే పెంచుతది. మాట కానిదాన్ని రొద అనుకొని అణిచే ఏర్పాటు చాలా ఫోన్లలో ఉంటది. చిర్ర దెబ్బ పడ్డప్పుడల్లా గొంతు కుంగిపోతది. ఊరి పెద్దలకు మన డప్పు ఎప్పుడూ రొదే. యంత్రం కూడా అట్లనే లెక్కగడితే మనం ఒప్పుకోవాల్నా?

సాఫ్టువేరు మీద పైసలు తగలెయ్యొద్దు

పట్నం స్టూడియోల్లో ప్రో టూల్స్, క్యూబేస్ అనే పెద్ద పేర్లు వినపడతయి. అవి లేకుంటే పాట పాట కాదన్నట్టు మాట్లాడుతరు. అది ఉత్త బెదిరింపు. ఒక్క గొంతు, ఒక అవ్వ చెప్పే కథ దాచుకోవడానికి ఆడాసిటీ చాలు, అది పూర్తిగా ఉచితం. నాలుగు మైకులు వేరువేరుగా ఎక్కించుకొని తర్వాత కలుపుకోవాలంటే రీపర్ ఉన్నది. అరవై రోజులు వాడి చూసుకోవచ్చు. ఆ తర్వాత సొంత వాడకానికి, చిన్న ఆదాయం ఉన్నోళ్లకు లైసెన్సు అరవై డాలర్లు, అంటే అయిదు వేల పైచిలుకు. ఏండ్లేండ్లు కిరాయి కట్టే పని లేదు. పాత కంప్యూటరులో కూడా నడుస్తది. దొంగ కాపీల జోలికి పోవద్దు. వాటితోని వైరసు వస్తది, ఉన్న పాటలు పోతయి.

ఇంకొక్క మాట. అన్ని దళాలు ఒకే సాఫ్టువేరు పట్టుకోవాలె. అచ్చంపేటలో ఎక్కించిన పాట సూర్యాపేటలో తెరుచుకోవాలె. దేవరకొండ పిల్లగాడు నేర్చుకున్న పని నారాయణపేట పిల్లకు చూపించగలగాలె. ఎవరికి వాళ్లం ఒకటి కొంటే మళ్లీ పట్నపోని కాళ్ల కాడికే పోతం.

పెట్టె కొనేటప్పుడు ఆలోచించాలె

ఖర్చు చెయ్యాల్సింది ఇక్కడ. పట్నం పద్ధతిలో ముందు తాళం ఎక్కిస్తరు, తర్వాత ఒక్కొక్కరిని వేరువేరుగా పాడిస్తరు. అట్లయితే ఒకటి, రెండు మైకుల పెట్టె చాలు. మన పాట అట్ల పుట్టదు. పాడే మనిషికి ఊపిరి కోరస్ నుంచి వస్తది, కోరసుకు ఊపు డప్పు నుంచి వస్తది. అందరూ ఒక్కసారే ఉండాలె. అందుకే దళానికి నాలుగు మైకుల పెట్టె కావాలె.

ఇక్కడనే మోసపోతం. డబ్బా మీద నాలుగు అని ఉంటే నాలుగు మైకులని కాదు. ఫోకస్‌రైట్ వాళ్ల స్కార్లెట్ ఫోర్ ఐ ఫోర్‌లో మైకులు పట్టేది రెండే. బెరింజర్ యూఎంసీ ఫోర్ నాట్ ఫోర్ హెచ్‌డీలో నాలుగు పడతయి. కాని దానికి వేరే అడాప్టరు, గోడ కరెంటు కావాలె. ఇద్దరు ముగ్గురే ఉంటే స్కార్లెట్ టూ ఐ టూ లాంటి రెండు మైకుల పెట్టె మేలు. అది కంప్యూటరు వైరు నుంచే కరెంటు తీసుకుంటది. కరెంటు పోయినా లాప్‌టాప్ బ్యాటరీ మీద పాట ఆగదు.

డప్పు, కిన్నెర ఒక్క తీరుగ మోగవు. డప్పు దెబ్బ గట్టిది, కిన్నెర తీగ మెత్తనిది. డప్పుకు సాదా డైనమిక్ మైకు సరిపోతది, దాన్ని కొంచెం దూరం పెట్టాలె. కిన్నెరకు కండెన్సర్ మైకు దగ్గర పెట్టాలె, దానికి పెట్టె నుంచి 48 ఓల్టులు అందాలె. ప్రతి మైకుకు వేరే గుండీ ఉండే పెట్టె ఎందుకంటే ఇందుకే. డప్పు ఎంత గట్టిగ కొడతరో అంత గట్టిగ ముందు కొట్టించి, ఎర్ర దీపం వెలగకుండ గుండీ పెట్టండి. సాఫ్టువేరులో 24 బిట్లు ఎంచుకుంటే శబ్దం కొంచెం తక్కువ పెట్టినా నష్టం లేదు. ఒకసారి పగిలిన దెబ్బను మాత్రం ఏ సాఫ్టువేరూ సరిచెయ్యలేదు.

పాడేటోళ్లకు హెడ్‌ఫోనులో తమ గొంతు ఆలస్యంగా వినపడితే లయ తప్పుతది. డైరెక్ట్ మానిటర్ మీట ఉన్న పెట్టె తీసుకుంటే ఆ బాధ ఉండదు.

వాళ్ల తాళానికి మనం ఒదగొద్దు

సాఫ్టువేరు తెరవంగనే చాలావాటిలో నిమిషానికి 120 దెబ్బలు, నాలుగు మాత్రల తాళం అని ముందే రాసి ఉంటది. టక్ టక్ మని ఒక గడియారం మోగుతది. అది బంద్ పెట్టండి. కథ ఉరికిన కాడ మన పాట ఉరుకుతది, ఏడుపు వచ్చిన కాడ నిలబడతది. గొంతును సరిచేస్త అనే ఆటోట్యూన్‌ను కూడా దూరం పెట్టండి. అవ్వ గొంతులో జీర తప్పు కాదు, అది ఆమె బతుకు.

స్టూడియో అర్రకు కూడా వేల రూపాయల స్పాంజి అక్కరలేదు. ఉత్త స్లాబు అర్ర గుయ్యిమంటది. గోడలకు గొంగళ్లు, బొంతలు వేలాడదీస్తే ఆ మోత చాలా తగ్గుతది. డప్పును వాకిట్లో ఎక్కిస్తే ఇంకా మంచిది. మంట దగ్గర ఉంటది, తోలు సల్లబడ్డప్పుడల్లా కాపుకోవచ్చు.

భూమి లేనోళ్లకు స్టూడియో ఎందుకని అడిగేటోళ్లు ఉన్నరు. భూమి కోసం, కూలి కోసం సభ పెడితే ముందు నడిచేది పాటే గదా! ఆ పాట రికార్డు ఇంకొకరి చేతిలో ఉంటే, మన సభ వీడియోలో మన పాటే మోగినా వాళ్లు ఫిర్యాదు పెట్టి తీయించగలరు. అది మన చేతిలో ఉంటే ఆ ఆట సాగదు.

పెట్టె కొంటేనే అయిపోదు. ఒక్క మైకు ఒక్క నిమిషం పాడితే 48 వేల నమూనాల లెక్కన దాదాపు తొమ్మిది ఎంబీ అవుతది. నాలుగు మైకుల అయిదు నిమిషాల పాట నూట డెబ్భై ఎంబీ. వంద పాటలు ముప్పై రెండు జీబీ పెన్‌డ్రైవులో సుఖంగ పడతయి. రెండు కాపీలు చెయ్యండి, రెండు ఇండ్లలో పెట్టండి. వీడియో వాళ్లకు ఎంపీత్రీ ఇయ్యండి, అసలు ఫైళ్లు ఎవరికీ ఇయ్యొద్దు. స్టూడియోలో కలుపుకోవాలనుకుంటే కలుపుకోండి, మనం ఎక్కించిన గొంతులు తీసుకపోయి, మళ్లీ వెంట తెచ్చుకోండి. ప్రతి పాటకు ఒక కాగితం రాయండి: రాసింది ఎవరు, బాణీ ఎవరిది, పాడింది ఎవరు, డప్పు ఎవరు, ఏ ఊరు, ఏ తారీకు. నాటు కాడ పాడే అమ్మల పేర్లు ముందు రాయండి. ఇప్పటిదాక అందరికంటే ఎక్కువ పోయినయి వాళ్ల పేర్లే.

మండలానికి ఒక పెట్టె చాలు. పది మంది కలిసి చందాలేసుకుంటే భారం కాదు. వలస పోయినోళ్లు పండుగకు ఊరికి వచ్చినప్పుడు మొదటి రికార్డు మొదలుపెట్టండి. ముందు మీ వాడలో అందరికంటే ముసలి గొంతును కూసోబెట్టండి. మనకు వయసు ఉన్నది, ఆ గొంతుకు టైము లేదు.